ధరల కరువులో కలకత్తా సర్కారు

వానలు కురవకపోతే ఏం చేయాలో బ్రిటిష్ సర్కారుకు కంఠతా వచ్చు. 1880 నాటి కరువు కమిషన్ తర్వాత ప్రతి రాష్ట్రానికీ ఒక ఫామిన్ కోడ్ తయారైంది. పరీక్ష పనులు ఎప్పుడు తెరవాలి, మట్టి తవ్వినవాడికి కూలి ఎంతివ్వాలి, పని చేయలేని ముసలివాళ్లకు తిండి ఎలా అందాలి, తక్కావీ అప్పులు ఎవరికివ్వాలి, శిస్తు ఎప్పుడు వాయిదా వేయాలి, అన్నీ అందులో రాసి ఉండేవి. 1930లో బెంగాల్‌కు వచ్చిపడిన కష్టం వేరు. చెరువులు నిండాయి, నార పండింది, ధాన్యమూ పండింది. కొనేవాడు లేడు. ఉన్నా అడిగే ధర సాగు ఖర్చుకు చాలదు. ఈ రకం కరువుకు ఏ కోడ్‌లోనూ అధ్యాయం లేదు.

మహా మాంద్యం అనగానే మన పాఠ్యపుస్తకాలు అమెరికాకు వెళ్లిపోతాయి. రూజ్‌వెల్ట్, న్యూ డీల్, టెనెస్సీ లోయ, పనుల పథకాలు. అదే పదేళ్లలో బెంగాల్ సచివాలయమైన కలకత్తా రైటర్స్ బిల్డింగులో కూర్చున్నవాళ్లు ఏం చేశారన్నది అంతగా చర్చకు రాదు. మొదట గవర్నర్ సర్ జాన్ ఆండర్సన్ (1932-37), తర్వాత ఎన్నికల ద్వారా వచ్చిన ఫజ్లుల్ హక్ మంత్రివర్గం. వాళ్లు ఏమీ చేయలేదనే మాట ఒకటి జాతీయోద్యమ కాలం నుంచీ వినబడుతోంది. అది నిజం కాదు. చట్టాలు చేశారు, బోర్డులు పెట్టారు, కమిటీలు వేశారు, ప్రచార యాత్రలు నడిపారు. అయితే దాదాపు ఇవన్నీ ఖజానా తలుపు తీయకుండా చేసిన పనులు. జమీందారు నుంచి రైతుకు, మహాజనుడి నుంచి బాకీదారుకు, ఒక వర్గం మీది భారాన్ని మరో వర్గం మీదికి జరిపిన ఊరట అది. ఆ ఊరట ఎంత దూరం పనిచేసింది, ఎక్కడ ఎదురుతిరిగింది అన్నదే అసలు విషయం.

ముందు పడిపోయిందేమిటో చూడాలి. ప్రపంచానికి కావలసిన జనపనారంతా దాదాపుగా బెంగాల్ డెల్టాలోనే పండేది. అర్జెంటీనా గోధుమలకైనా, బ్రెజిల్ కాఫీకైనా గోనె సంచి కావాలి. సరుకు రవాణా తగ్గితే సంచికి గిరాకీ తగ్గుతుంది, సంచికి తగ్గితే నారకు తగ్గుతుంది. 1933 నాటికి రైతు చేతికొచ్చే నార ధర 1928లో ఉన్నదానిలో మూడో వంతుకు దిగజారింది. ధాన్యం ధర కూడా సగానికి పైగా పడింది. పడనివి నాలుగున్నాయి: జమీందారుకు కట్టే ఖాజనా, మహాజనుడి వడ్డీ, నార మీద కేంద్రం వసూలు చేసే ఎగుమతి సుంకం, రూపాయి మారకపు రేటు.

నాలుగోది ఊళ్లో ఎవరికీ కనిపించదు, అందరినీ కాటేసింది మాత్రం అదే. 1927లో రూపాయిని 1 షిల్లింగు 6 పెన్సుల దగ్గర కట్టేశారు. భారతీయ వర్తకులు 1 షిల్లింగు 4 పెన్సులు చాలని మొత్తుకున్నారు. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసినప్పుడు, వైస్రాయ్ విల్లింగ్డన్, ఆయన కౌన్సిలు రాజీనామా చేస్తామనేంత వరకు వెళ్లినా లండన్ వినలేదు. రూపాయిని అదే రేటుకు పౌండుకు ముడివేసింది. తర్వాతి ఏళ్లలో ఇళ్లలోని గాజులు, గొలుసులు, నాణేలు కరిగి వందల కోట్ల రూపాయల బంగారం ఎక్కువగా బొంబాయి రేవు మీదుగా ఓడలెక్కి పోయింది. చరిత్రకారుడు డీట్మార్ రోథర్‌మండ్ దీన్ని ఆపదలో తెగనమ్ముకున్న బంగారంగానే చూశాడు. అప్పటి ఆర్థిక శాఖ మాత్రం దేశానికి వచ్చిన లాభంగా లెక్కవేసింది. ఒక రకంగా చూస్తే మాంద్యకాలంలో పల్లెకు అందిన అతి పెద్ద సహాయ నిధి ఆడవాళ్ల పెట్టెల్లోంచే వచ్చింది. దాని మీద కేంద్రం తన చెల్లింపులు జరుపుకుంది.

అదే సెప్టెంబరులో ఆర్థిక సభ్యుడు జార్జ్ షుస్టర్ అత్యవసర బడ్జెట్ పెట్టాడు. పన్నుల మీద సర్‌ఛార్జి వేశాడు, సర్కారు ఉద్యోగుల జీతాల్లో 10 శాతం కోశాడు. బెంగాల్ కూడా 1932లో పొదుపు కమిటీ వేసుకుని ఖర్చులు తెగ్గొట్టడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో లండన్ సైతం అదే దారిలో ఉంది కాబట్టి దీన్ని కలకత్తా మూర్ఖత్వమని తీసిపారేయలేం. కానీ ఉద్యోగాలు పోతున్న ఊళ్లో ముందుగా ఉద్యోగాలు తీసేసినవాడు సర్కారే అని మర్చిపోకూడదు.

ఇక జనపనార సంగతి. అమెరికాలో 1933 మే నెలలో వచ్చిన వ్యవసాయ సర్దుబాటు చట్టం పత్తి, గోధుమ రైతులతో ఒక బేరం పెట్టుకుంది: ఇంత భూమి బీడు పెట్టు, ఇంత డబ్బు తీసుకో. ఆ డబ్బు ఆ పంటను మరపట్టే మిల్లుల మీద వేసిన పన్ను నుంచి వచ్చేది. 1936 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు ఆ పన్నును కొట్టేసింది. అప్పటికే రైతుల చేతికి చెక్కులు వెళ్లిపోయాయి.

బెంగాల్ సర్కారు కూడా అదే వ్యాధికి అదే మందు అనుకుంది. ఆర్.ఎస్. ఫిన్‌లో అధ్యక్షతన జూట్ విచారణ కమిటీ వేశారు, 1934లో నివేదిక వచ్చింది. సాగు తగ్గాలన్న దానిలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. తగ్గించడం చట్టంతోనా, బుజ్జగింపుతోనా అన్న దగ్గర కమిటీ చీలింది. మెజారిటీ నిర్బంధం వద్దంది. 1934 చివర నుంచి స్వచ్ఛంద తగ్గింపు ప్రచారం మొదలైంది. కరపత్రాలు అచ్చయ్యాయి. జిల్లా కలెక్టర్ల నుంచి యూనియన్ బోర్డుల దాకా అందరూ రైతుకు హితబోధ చేశారు: నార తగ్గించు, ధర అదే వస్తుంది. అయ్యా, ఆ ఖాళీ భూమికి నాకేమిస్తావు అంటే సమాధానం లేదు. పక్కవాడు తగ్గించకుండా నేనొక్కణ్నే తగ్గిస్తే లాభం వాడిదే కదా అన్న ప్రశ్నకు అసలే లేదు. 1935లో విస్తీర్ణం కొంత తగ్గింది. ధర కాస్త తల ఎత్తగానే 1936లో మళ్లీ పెరిగింది. ఇందులో రైతు అవివేకం ఏమీ లేదు. ఖాజనా కిస్తు నాణేల్లో కట్టాలి. డెల్టాలో మూడు నెలల్లో చేతికి నాణెం తెచ్చే పంట నార ఒక్కటే.

డబ్బు లేక ఇవ్వలేదా? ఇక్కడే నార ఎగుమతి సుంకం కథ చెప్పుకోవాలి. 1916లో యుద్ధ ఖర్చుల కోసం పెట్టిన ఈ సుంకం ఏటా కోట్ల రూపాయలు తెచ్చేది. పంట బెంగాల్‌ది, మిల్లులు హుగ్లీ ఒడ్డువి, రేవు కలకత్తాది, రాబడి మాత్రం ఢిల్లీది. కేంద్రానికీ రాష్ట్రాలకూ రాబడులు పంచిన మెస్టన్ ఏర్పాటు కింద ఆదాయపు పన్నుతో పాటు ఇదీ కేంద్రానికి పోవడంతో కలకత్తా ఖజానా మాంద్యం రాకముందే చిక్కిపోయి ఉంది. పదేళ్లు మొరపెట్టుకున్నాక 1934-35 బడ్జెట్‌లో సుంకంలో సగం నార పండించే రాష్ట్రాలకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ లోటు పూడ్చడానికి దేశమంతటా అగ్గిపెట్టెల మీద ఎక్సైజు వేశారు. బెంగాల్ లోటుకు మా పొయ్యి దగ్గర పన్నేమిటని ఇతర రాష్ట్రాల సభ్యులు గొడవ చేయడంలో ఆశ్చర్యమేముంది? 1936లో సర్ ఆటో నీమయర్ ఆ వాటాను 62.5 శాతానికి పెంచి, బెంగాల్ కేంద్రానికి పడిన పాత బాకీని కూడా కొట్టేశాడు. కలకత్తా సచివాలయం ఊపిరి పీల్చుకుంది. సుంకం వాటా వచ్చాక కూడా అది బడ్జెట్ లోటు పూడ్చడానికే పోయింది, బీడు పెట్టిన ఎకరానికి పరిహారంగా ఒక్క అణా ఇచ్చే పథకం రాలేదు. అమెరికా రైతుకు తిరిగొచ్చిన పన్ను వంటిదే ఇది, ఇక్కడ తిరుగు ప్రయాణం రైటర్స్ బిల్డింగుతో ఆగిపోయింది.

మిల్లుల వైపు చూస్తే తెలుగువాళ్లు కనిపిస్తారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి రైలెక్కి టిటాగఢ్, జగత్‌దల్, కంకినాడా, రిష్రా మిల్లులకు చేరినవాళ్లు 20వ శతాబ్దం మొదటి నుంచీ వేలల్లో ఉన్నారు. అక్కడ వాళ్లను మద్రాసీలనేవారు. మనుషుల్ని పనిలో పెట్టే సర్దారుకు మామూలు ఇస్తే మగ్గం దొరికేది, లేకపోతే బదిలీ కూలీగా గేటు దగ్గర పడిగాపులు. 1929లో ఇండియన్ జూట్ మిల్స్ అసోసియేషన్ వారానికి 54 గంటల పనిని 60కి పెంచింది. కార్మికులు సమ్మెకు దిగారు. రెండేళ్లు తిరక్కుండా అదే సంఘం 1931 మార్చి నుంచి పనిని 40 గంటలకు కుదించి నూటికి 15 మగ్గాలకు సీలు వేయించింది. 3.4 లక్షల దాకా ఉన్న కార్మికుల్లో మూడేళ్లలో 80 వేల దాకా బయటపడ్డారు. మిగిలినవాళ్లకు గంటలతో పాటు కూలీ కోత.

వీళ్లకు సర్కారు ఏమిచ్చింది? ఏమీ ఇవ్వలేదు. ఊరు ఉందిగా, పోతాడు అన్నదే విధానం. 1929-31 మధ్య దేశమంతా తిరిగిన విట్లీ లేబర్ కమిషన్ కూడా నిరుద్యోగ బీమా ఇక్కడ ఆచరణసాధ్యం కాదనే తేల్చింది. కార్మికుడికి పల్లెలో వేళ్లున్నాయని దాని నమ్మకం. హౌరాలో రైలెక్కి పలాస దగ్గరో ఆమదాలవలస దగ్గరో దిగినవాడికి ఊళ్లో ఎదురైందేమిటో ఆ నమ్మకంలో లేదు. అక్కడా ధాన్యం ధర లేదు, కూలి లేదు, అప్పిచ్చేవాడు లేడు. ఉత్తరాంధ్ర కూలీకి రెండో దారి రంగూన్. అదీ 1930 మే నెలలో రేవు సమ్మె మీదుగా తెలుగు కూలీల మీద జరిగిన దాడులతో రక్తసిక్తమైంది. ఒకే ఏడాది, ఏడాదిన్నరలో రెండు దారులూ ఇరుకయ్యాయి. ఈ కోణంలో మన జిల్లాల మాంద్యచరిత్ర రాయాల్సినంతగా ఇంకా ఎవరూ రాయలేదనే నా అభిప్రాయం. కె.ఎ. మణికుమార్ మద్రాసు రాష్ట్రపు మాంద్యం మీద రాసిన పుస్తకం తమిళ దక్షిణం వైపే ఎక్కువ మొగ్గుతుంది.

మిల్లు కార్మికుడికి ఆ కాలంలో దక్కిన ఒక చిన్న చట్టం మాత్రం చెప్పుకోదగ్గది. జీతం రోజున గేటు బయట కర్ర పట్టుకుని నిలబడే కాబూలీ వడ్డీ వ్యాపారులు కలకత్తా మిల్లు బస్తీల్లో అందరికీ పరిచయం. కూలీ డబ్బు కార్మికుడి జేబులోకి వెళ్లేలోగా వాళ్ల చేతిలోకి పోయేది. 1934 నాటి బెంగాల్ వర్క్‌మెన్స్ ప్రొటెక్షన్ చట్టం పని స్థలం దగ్గర కాపు కాసి బాకీ వసూలు చేయడాన్ని నేరంగా చేసింది. కలకత్తాకు, చుట్టూ ఉన్న మిల్లు ప్రాంతాలకు వర్తింపజేశారు. పోలీసువాడు గేటు దగ్గర ఉంటే కాబూలీ వీధి మలుపుకు జరుగుతాడు, అది నిజమే. అయినా జీతం కాగితం పుచ్చుకుని పది అడుగులు తనవిగా నడిచే హక్కు కార్మికుడికి చట్టంలోకి వచ్చింది. సర్కారుకు దమ్మిడీ ఖర్చు లేదు కాబట్టి అంత తేలిగ్గా వచ్చిందని కూడా గమనించాలి.

కార్మికులు తమ పోరాటంతో తెచ్చుకున్నది ఎక్కువ. బెంగాల్ నాగపూర్ రైల్వేలో తీసివేతలకు వ్యతిరేకంగా 1936 డిసెంబరు నుంచి 1937 ఫిబ్రవరి దాకా సాగిన సమ్మెలో ఖరగ్‌పూర్ తెలుగు కార్మికులు ముందున్నారు, వాళ్ల సంఘానికి నాయకుడు మన వి.వి. గిరి. ఆ వెంటనే జూట్ మిల్లుల్లో సార్వత్రిక సమ్మె లేచింది, 2 లక్షల మందికి పైగా పని ఆపారు. ఏప్రిల్ 1న బెంగాల్ ప్రధానమంత్రి పదవి చేపట్టిన హక్ మే నెలలో హామీలిచ్చి దాన్ని ముగింపుకు తెచ్చాడు. హామీల్లో నెరవేరినవి తక్కువ. 1938 సెప్టెంబరులో హక్ ప్రభుత్వమే మిల్లుల పని గంటలు కుదించే జూట్ ఆర్డినెన్స్ జారీ చేసింది. గంట తగ్గితే మిల్లు షేరు నిలబడుతుంది. కార్మికుడి కూలి, రైతు నార ధర మాత్రం తగ్గుతాయి. డాల్ భాత్ నినాదంతో, అంటే పేదవాడికి పప్పన్నం అన్న హామీతో, గెలిచి వచ్చిన నాయకుడు తెచ్చిన ఆర్డినెన్స్ అది.

చదువుకున్న నిరుద్యోగుల కోసం జరిగింది వేరే తమాషా. పొదుపు కత్తెరతో గుమస్తా ఉద్యోగాలు పోయాయి, లోన్ ఆఫీసులనే చిన్న బ్యాంకుల్లో దాచుకున్న డబ్బు ఇరుక్కుపోయింది, పట్టభద్రులు కాలేజీ స్ట్రీట్‌లో తిరిగారు. పరిశ్రమల శాఖ 1932-33 నుంచి ప్రదర్శక బృందాలను జిల్లాలకు పంపింది. గొడుగులు చేయడం, సబ్బు వండటం, కత్తులు-కత్తెరలు, మట్టిసామాను, నార నేత, ఇవి నేర్పేవారు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ఎప్పటినుంచో చెబుతున్న ఉద్యోగం మానుకో, వ్యాపారం చెయ్ అన్న పాఠానికి ఇది సర్కారీ రూపం. 1934 మే నెలలో డార్జిలింగ్ దగ్గర లెబాంగ్ గుర్రప్పందాల మైదానంలో ఆండర్సన్ మీద కాల్పులు జరిగాయి, ఆయన బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత నిరుద్యోగమే విప్లవకారులను తయారుచేస్తోందన్న సిద్ధాంతం బలపడి, నిర్బంధంలో ఉన్న యువకులకు కూడా ఇదే శిక్షణ ఇచ్చి వదిలే పథకం పెట్టారు. పెట్టుబడి లేదు, గిరాకీ లేదు, కొత్తగా గొడుగులు చేయడం నేర్చినవాళ్లు మాత్రం ఉన్నారు. ఇంతకంటే ఈ అధ్యాయానికి స్థలం అక్కర్లేదు.

అప్పుల సంగతికి వస్తే మాత్రం ఆగి చూడాలి. బెంగాల్ చేసిన పనుల్లో పెద్దదీ, లోతుగా తాకిందీ ఇదే.

బ్యాంకింగ్ విచారణ కమిటీ 1929-30లో బెంగాల్ పల్లె రుణం 100 కోట్ల రూపాయలని, మన మద్రాసు రాష్ట్రానిది 150 కోట్లని అంచనా వేసింది. ధరలు మూడో వంతుకు పడితే ఆ 100 కోట్లు తీర్చడానికి మూడింతల నార కావాలి. చట్టం రాకముందే రైతులు తమ తీర్పు తాము ఇచ్చుకున్నారు. 1930 జూలైలో మైమన్‌సింగ్ జిల్లా కిశోర్‌గంజ్‌లో మహాజనుల ఇళ్ల మీద పడి పత్రాలు తగలబెట్టారు. రైతులు ఎక్కువగా ముస్లింలు, మహాజనులు ఎక్కువగా హిందువులు. పత్రికలు దాన్ని మతకలహంగా రాశాయి. చరిత్రకారుడు సుగతా బోస్ దాని కింద ఉన్న అసలు పగులును చూపించాడు. వ్యాపారీ మహాజనుడూ ఒకడే అయిన తూర్పు బెంగాల్‌లో, నారకు ధర లేకపోయేసరికి మహాజనుడు కొత్త అప్పు ఆపేశాడు. దోపిడీతో పాటు ఆదుకునే పాత్ర కూడా పోషించిన సంబంధం ఆ ఏళ్లలో తెగిపోయింది.

1933లో మనీలెండర్స్ చట్టం, 1935లో బెంగాల్ వ్యవసాయ రుణగ్రస్తుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద 1936 నుంచి అప్పుల పరిష్కార బోర్డులు మొదలై, హక్ హయాంలో వేల సంఖ్యకు పెరిగాయి. అవి పనిచేసిన తీరు ఇది. బాకీదారు తన అప్పులన్నిటి జాబితాతో దరఖాస్తు పెట్టుకుంటాడు. బోర్డు నుంచి నోటీసు వెళ్లగానే సివిల్ కోర్టులో దావా, వేలం ఆగిపోతాయి. ఋణదాతలు తమ పత్రాలు, ఖాతాలు పట్టుకుని రావాలి. స్థానికులైన సభ్యులు అసలెంత, వడ్డీ ఎంత, ఇప్పటికి ముట్టిందెంత అని విడదీస్తారు. తర్వాత రైతు ఇల్లు గడవగా, విత్తనానికి పోగా ఏటా ఎంత మిగులుతుందో లెక్కవేసి ఏళ్ల తరబడి కిస్తులు కడతారు. న్యాయమైన బేరానికి ఒప్పుకోని ఋణదాత తన వంతు కోసం చాలాకాలం ఆగాల్సివచ్చేలా ధ్రువపత్రం ఇచ్చే అధికారం కూడా బోర్డుకుంది. పల్లె మనుషులే కూర్చుని, అప్పు పుస్తకం బయటపెట్టి బేరం తెగ్గొట్టడం అంతకు ముందు ఊహకందని పని. ముఖ్యంగా ఆ నోటీసు. దావా ఆపే ఆ ఒక్క కాగితం ఎందరి భూమినో నిలబెట్టింది. ఈ చట్టాన్ని మొత్తంగా కొట్టిపారేసే విమర్శకులతో నేను ఏకీభవించలేకపోవడానికి అదే కారణం.

లోపం ఇంకోచోట ఉంది. బోర్డు పాత అప్పును కత్తిరించగలదు, కొత్త అప్పు ఇవ్వలేదు. విత్తనం కోసం, ఎద్దు కోసం, పెళ్లి కోసం మహాజనుడి గడప తొక్కిన రైతుకు ఇప్పుడు ఆ తలుపు మూసి ఉంది. సహకార సంఘాలు దిక్కు కావలసింది, వాటి బాకీలే మురిగిపోయి ఉన్నాయి. 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పుట్టింది, మొదట దాని కేంద్ర కార్యాలయం కలకత్తాలోనే ఉండేది, 1937లో బొంబాయికి తరలింది. దానికి వ్యవసాయ పరపతి శాఖ ఉండాలని చట్టమే చెప్పింది. ఆ శాఖ నివేదికలు రాసింది, డెల్టా రైతు దాకా రూపాయి దించలేదు.

ఈ పరిణామానికి బాగా తెలిసిన బాధితుడు రవీంద్రనాథ్ టాగోర్. రాజశాహీ జిల్లా కాళీగ్రామ్ పరగణాలో తన రైతులకు తక్కువ వడ్డీకి అప్పులివ్వడానికి పతిసర్‌లో ఆయన కృషి బ్యాంకు పెట్టాడు. నోబెల్ బహుమతి సొమ్ములో పెద్ద భాగాన్ని అందులోనే వేశాడు. మహాజనుల కోసం తెచ్చిన రుణ విమోచన చట్టాలు మహాజనుడికి పోటీగా పెట్టిన బ్యాంకుకూ వర్తించాయి. వసూళ్లు నిలిచిపోయాయి, బ్యాంకు మూతపడింది, సొమ్ము తిరిగి రాలేదు. ఎవరి అప్పు ఎలాంటిదో చూడకుండా ఒకే కత్తి దూస్తే ఏమవుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ వెతకనక్కర్లేదు.

పక్కన పెట్టి చూడాల్సింది మద్రాసు. రైతుల అప్పుల మీద విచారణ జరిపిన అధికారి సత్యనాథన్ 1935లో సమర్పించిన నివేదిక ప్రకారం మాంద్యం నడుమ మద్రాసు రాష్ట్రపు పల్లె రుణం 200 కోట్లకు ఎగబాకింది. అప్పు కొత్తగా చేసింది తక్కువ, వడ్డీ పెరిగి పేరుకున్నదే ఎక్కువ. మాంద్యం ముంగిట్లోనే కృష్ణా, గోదావరి డెల్టాల రీసెటిల్‌మెంటులో శిస్తు రూపాయికి మూడణాలు, అంటే 18.75 శాతం, పెంచడానికి సర్కారు తయారైందని మనవాళ్లు మర్చిపోలేదు. ఎన్.జి. రంగా రైతు ఉద్యమం, 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతు యాత్ర ఆ కసిలోంచి పుట్టినవే. రాజాజీ ప్రభుత్వం 1938లో తెచ్చిన వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం బోర్డులూ బేరాలూ లేకుండా సూత్రంతో నడిచింది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలవున్న వడ్డీ రద్దు. అసలుకు రెట్టింపు ఇప్పటికే ముట్టి ఉంటే అప్పే రద్దు. ఇది కోర్టులో అమలయ్యే లెక్క కాబట్టి పెద్దమనిషి మొహం చూసి తీర్పు మారే ప్రమాదం తక్కువ. అయితే రెండు చట్టాలూ భూమి ఉన్న రైతునే చూశాయి. కౌలుదారుకు, పాలేరుకు, నార కడిగే కూలీకి వాటిలో చోటు లేదు. బెంగాల్ బర్గాదారు, అంటే పంటలో సగానికి సాగుచేసేవాడు, తన వాటా గురించి గట్టిగా మాట్లాడటానికి 1946 నాటి తెభాగా ఉద్యమం దాకా ఆగాల్సివచ్చింది.

హక్ ప్రభుత్వం 1938లో కౌలు చట్టాన్ని సవరించి, రైతు భూమి అమ్ముకున్నప్పుడు జమీందారుకు చెల్లించే సలామీని, ముందుగా తానే కొనుక్కునే జమీందారు హక్కును తీసేసింది. రైతు అడిగిన సవరణే ఇది. అమ్మకం సులువు కావడంతో కష్టంలో ఉన్నవాడి భూమి ఇంకా త్వరగా చేయి మారింది. అదే ఏడాది ఫ్లౌడ్ అధ్యక్షతన వేసిన భూమి శిస్తు కమిషన్ 1940లో జమీందారీనే రద్దు చేయమంది. అది కాగితం మీదే ఉండగా యుద్ధం వచ్చిపడింది.

పనుల పథకాలు లేవా అంటే, పేరుకు ఉన్నాయి. కాలువలూ కుంటలూ మూసేస్తున్న గుర్రపుడెక్కను పీకించడం 1937 ఎన్నికల్లో దాదాపు అన్ని పార్టీల వాగ్దానం. దానికి 1936లోనే ఒక చట్టం వచ్చింది, 1939లో ప్రత్యేకంగా వారోత్సవం జరిపారు. జనం నీళ్లలో దిగి పీకారు, కూలి లేదు. అమెరికాలో అడవులు నాటిన కుర్రవాళ్లకు నెలకు 30 డాలర్లిచ్చి, అందులో పాతిక ఇంటికి పంపించేవారు. పశ్చిమాన బర్ద్వాన్‌లో దామోదర్ కాలువ వచ్చింది. వెనుకే 1935 నాటి డెవలప్‌మెంట్ చట్టం కింద నీటితో పెరిగిన రాబడిలో వాటా కట్టమన్నారు. రైతులు తిరగబడ్డారు, రేటు దించక తప్పలేదు. కృష్ణా డెల్టా రైతుకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నార సాగుకు నిర్బంధ లైసెన్సు 1940లో గానీ రాలేదు. అప్పటికి ఇసుక బస్తాల ఆర్డర్లతో యుద్ధం గిరాకీ తెచ్చేసింది. మూడేళ్లు తిరగకముందే 1943 కరువు. ఈసారి ధర పడలేదు, బియ్యం ధర ఆకాశానికి పోయింది. అప్పిచ్చే మహాజనుడు లేడు, బంగారం ఎప్పుడో వెళ్లిపోయింది, పతిసర్ లాంటి బ్యాంకులు లేవు. పల్లె దగ్గర ఉన్న ఆఖరి అడ్డుగోడలన్నీ పదేళ్ల మాంద్యంలో కూలి ఉన్నాయి. మొదట్లో చెప్పుకున్న ఫామిన్ కోడ్ ప్రకారం కరువును ప్రకటించడానికి కూడా కలకత్తా సర్కారు ముందుకు రాలేదు. లక్షల మంది చనిపోయారు. 1943ను యుద్ధంతోనే ముడిపెట్టే చర్చల్లో ఈ 1930ల వెనుకటి భాగం ఎప్పుడూ చిన్నబోతుంది.

న్యూ డీల్ కలకత్తాకు చేరింది వరద రూపంలో. 1943 జూలైలో దామోదర్ గట్లు తెగి రైలు మార్గాలు మునిగాయి. కలకత్తా నుంచి 1935లో మొదలైన సైన్స్ అండ్ కల్చర్ పత్రికలో మేఘనాద్ సాహా టెనెస్సీ లోయ పథకాన్ని మనకు తెమ్మని రాస్తూనే ఉన్నాడు. అక్కడి నుంచి వచ్చిన ఇంజనీరు వూర్డుయిన్ 1944లో ఎనిమిది ఆనకట్టల ప్రణాళిక ఇచ్చాడు. 1948 జూలైలో కలకత్తా కేంద్రంగా దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది. ఆ ప్రణాళికలో మొదటి విడతగా తిలైయా, కోనార్, మైథన్, పంచేత్, నాలుగే కట్టారు. మాంద్యంలో పని లేనివాళ్లకు పనివ్వడం టెనెస్సీ పథకంలో ఒక భాగం. ఇక్కడికొచ్చేసరికి కాంక్రీటు, విద్యుత్తు వచ్చాయి, ఆ భాగం రాలేదు. నిర్వాసితులైన సంతాల్ ఊళ్లకు పరిహారం లెక్క ఏళ్ల తరబడి తెగలేదు.

ఫిన్‌లో కమిటీ చేయలేకపోయిన పని, అంటే నారకు సర్కారు కొనుగోలు, 1971లో కలకత్తాలో జూట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పెట్టాకనే నిలకడగా మొదలైంది. 1987లో ధాన్యానికి గోనె సంచులే వాడాలన్న చట్టం దానికి తోడైంది. తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ రబీ కొనుగోలు కేంద్రాల్లో సంచుల్లేక ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉందని వార్తలొచ్చినప్పుడల్లా మన పౌర సరఫరాల శాఖ ఉత్తరం రాసేది కలకత్తాలోని జూట్ కమిషనర్ ఆఫీసుకే. సంచుల కోసం ఖజానా ఇప్పుడు ఏటా వేల కోట్లు తీస్తోంది. ఆ డబ్బు ముందుగా చేరేది మిల్లుకు. కార్పొరేషన్ కొనుగోలు కేంద్రం దూరమైన నదియా, ముర్షిదాబాద్ చిన్న రైతు మద్దతు ధర కంటే తక్కువకే ఊళ్లో దళారికి నార తూచి ఇస్తున్నాడన్న ఫిర్యాదు మాత్రం ప్రతి సీజనులోనూ వస్తూనే ఉంది.